మూడోసారికి వచ్చిన ఆకుపచ్చ

గేటు దగ్గర చూపించే కార్డు మీద తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా కనపడదు. మేడలోని పద్నాలుగు వాటాల వాళ్ళకూ, ఆమె పనిచేసే కార్ల కంపెనీలో వాళ్ళకూ ఆమె బ్రేకమ్మే. ఆ పేరు ఎలా వచ్చిందని ఆరా తీస్తే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు గానీ, నమ్మదగింది ఒక్కటే. పదకొండేళ్ళపాటు ఆమె కార్ల షెడ్డులో బ్రేకు గొట్టాలు బిగించింది. మిగతావాళ్ళు బిగించి పక్క కారు దగ్గరికి పోతుంటే, ఈమె మాత్రం బిగించినదాన్ని వేలితో ఇంకోసారి తడిమి చూస్తే గానీ కదిలేది కాదు. వెనకాల కార్లు వరసగా ఆగిపోయేవి. ఫోర్‌మన్ తిట్టేవాడు, తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులోంచి పుట్టిన పేరు అది.

మోకాళ్ళు అరిగాక ఆమెను షెడ్డులోంచి పరీక్షల గదికి మార్చారు. పరీక్షల గదిలో కారేమీ ఉండదు. కారు పొట్ట చీల్చి పేగులు బల్ల మీద పరిచినట్టు ఉంటుంది. రెండు పెడళ్ళు, ఒక మీట, రంగురంగుల తీగలు, నాలుగు నల్లడబ్బాలు, వెనక చక్రాన్ని పట్టుకునే బ్రేకు, దాన్ని బిగించే పిడికిలంత మోటారు. ఇప్పటి కార్లలో బండి ఆపాక చేత్తో బలంగా లాగే బ్రేకు లేదు. మీట నొక్కితే ఆ చిన్న మోటారే బిగిస్తుంది. ఎంత బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది నల్లడబ్బాలో ఉన్న కోడు చెబుతుంది. కోడు రాసేవాళ్ళు పై అంతస్తులో కూర్చుంటారు. వాళ్ళు ఏ చిన్న మార్పు చేసినా ముందు ఈ బల్ల మీదికి రావలసిందే. బల్ల తనంతట తానే మీట నొక్కుకుంటుంది, బండి ఏటవాలు మీద నిలబడ్డట్టు చక్రాన్ని లాగి చూసుకుంటుంది. చక్రం కదలకపోతే ఆకుపచ్చ దీపం, కదిలితే ఎర్రదీపం. ఒక్కో పరీక్షకు ఎనిమిది నిమిషాలు. రోజుకు ముప్ఫై, నలభై పరీక్షలు. తీగలు సరిగ్గా ఉన్నాయా, బల్ల నిజం చెబుతోందా అని చూడటం బ్రేకమ్మ పని.

ఒకప్పుడు కారు అమ్మాక దాని లోపలి కోడును ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఇప్పుడు ఫోన్లకు వచ్చినట్టే బళ్ళకూ కొత్తది గాల్లోంచి వచ్చి దిగుతుంది. ప్రతి గురువారం ఏదో ఒకటి వెళ్ళి తీరాలి. కాబట్టి పనంతా ముక్కలు చేసి, ముక్కకో చీటీ రాసి గోడకు అంటిస్తారు. రోజూ పొద్దున తొమ్మిదింబావుకు జట్టులోని పన్నెండుమందీ ఆ గోడ ముందు నిలబడి నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, ఏది అడ్డొచ్చిందో చెప్పుకుంటారు. నిలబడే ఎందుకంటే, కూర్చుంటే కబుర్లు పెరుగుతాయట. బ్రేకమ్మ మోకాళ్ళకు ఆ పావుగంటా నరకమే. ఈ సంగతి ఇంట్లో చెబితే ఎనభయ్యేళ్ళ అత్తగారు బుగ్గన వేలు పెట్టుకుంది. ముగ్గురు ఆడవాళ్ళు కుళాయి దగ్గర నిలబడితే గంటకు తేలదు, మీవాళ్ళు పన్నెండుమందీ పావుగంటలో ముగిస్తున్నారంటే అసలు సంగతులేవీ చెప్పుకోవడం లేదన్నమాట అని తేల్చేసింది.

జట్టును నడిపేవాడు గంటసారు. గురువారం కొత్తది బళ్ళకు వెళ్ళగానే చిన్న ఇత్తడి గంట మోగించి అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాడు కాబట్టి ఆ పేరు. చెడ్డవాడని ఎవరూ అనరు. నవ్వుతూ పరిగెత్తిస్తాడు, తానూ పరిగెత్తుతాడు.

బ్రేకుల కోడు రాసేది మేష్టారు. ఇరవై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టి ఈ పనిలోకి వచ్చిన మనిషి. పై అంతస్తు వాళ్ళు పరీక్షల గదిలోకి దిగిరావడమే అరుదు. ఈయన మాత్రం మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని బల్ల పక్కనే తినేవాడు. తింటూ తింటూ పదో తరగతితో చదువాగిపోయిన బ్రేకమ్మకు కోడు రాయడం నేర్పాడు. ఐదు లైన్లు రాస్తే నాలుగు తప్పులు వచ్చేవి. తప్పు కింద గీత గీసేవాడే గానీ, సరిచేసి ఇచ్చేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి ఆమె తన బల్లకు కావలసిన చిన్నాచితకా తానే రాసుకునే దాకా వచ్చింది.

రెండేళ్ళ కిందట ఒక గురువారం ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం వెలిగితే గేటు పడ్డట్టే. ఆ బల్ల దాటి ఏదీ వెళ్ళదు, మిగతా జట్ల పని కూడా ఆగిపోతుంది. పైన అరవైమంది చేతులు కట్టుకుని కూర్చోవాలి. బ్రేకమ్మ వెతగ్గా వెతగ్గా మోటారు తీగ ప్లగ్గు వదులైందని తేలింది. నొక్కిపెట్టి మళ్ళీ నడిపితే ఆకుపచ్చ వచ్చింది. మర్నాడు మళ్ళీ ఎరుపు, మళ్ళీ ప్లగ్గే. బల్ల అదురుకు అది ఊడివస్తోంది. కొత్త ప్లగ్గు కావాలని రాసి పంపితే ఆరు వారాలు పడుతుందన్నారు.

ఆ ఆరు వారాల్లో పై అంతస్తులో ఒక మాట పుట్టింది. గాలి ఎరుపు. అంటే నిజంగా తప్పేమీ లేకపోయినా గాలివాటుగా వెలిగే ఎరుపు అని. మీ బల్లకు గాలి సోకిందా, తాయెత్తు కట్టించకపోయారా అని మెట్ల మీద ఎదురైన ప్రతివాడూ అడగడమే. ఆమెకు ఒళ్ళు మండింది. మేష్టారు నేర్పిన విద్యతో ఒక మధ్యాహ్నం కూర్చుని మూడు లైన్లు రాసింది. ఎరుపు వస్తే బల్ల తనంతట తానే మళ్ళీ నడవాలి. అప్పటికీ ఎరుపైతే మూడోసారి నడవాలి. మూడింట్లో ఎప్పుడు ఆకుపచ్చ వచ్చినా అదే నిలవాలి, అంతకుముందు వచ్చిన ఎరుపు చెరిగిపోవాలి. మూడూ ఎరుపైతేనే గేటు పడాలి.

రెండు వారాలకోసారి జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగు ఒకటి ఉంటుంది. అందులో గంటసారు ఆమెను ముందుకు పిలిచి నిలబెట్టి, అరవైమంది సమయం కాపాడిన మనిషి అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దపెద్ద చదువులవాళ్ళు తన కోసం చప్పట్లు కొట్టడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి రెండుసార్లు చెప్పింది, రెండోసారి కాస్త పెంచి కూడా చెప్పింది. మిగతా బల్లలవాళ్ళు వరసగా వచ్చి ఆ మూడు లైన్లు అడిగి పట్టుకెళ్ళారు.

షెడ్డులో బిగించినదాన్ని ఇంకోసారి తడిమి చూసిన మనిషి కదా, ఇక్కడ చేసిందీ ఇంకోసారి చూడటమేనని ఆమె అనుకుంది. అక్కడ అనుమానం తీరక చూసేది. ఇక్కడ అనుమానాన్ని వదిలించుకోవడానికి చూపించింది. ఆ తేడా అప్పట్లో ఆమెకు తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు.

కొత్త ప్లగ్గు వచ్చింది, ఆమే మార్చింది. ఇక ఆ మూడు లైన్లు తీసేయాలని ఆమెకు తెలుసు. అది అడ్డదిడ్డంగా చేసే పని కాదు, గోడ మీద చీటీ ఉండాలి, దాని వంతు రావాలి. "ప్లగ్గు మారింది. మళ్ళీ నడిపే లైన్లు తీసేయాలి" అని తన చేత్తోనే రాసి అంటించింది. చీటీ పైవరసలో ఉంటేనే పని జరుగుతుంది. ప్రతి రెండు వారాలకూ ఏవో తొందర చీటీలు వచ్చి దాని నెత్తినెక్కేవి. సీటు వెచ్చబెట్టే మీట, పాటల పెట్టె, తలుపు తాళం చప్పుడు. ఈ చీటీ కిందికి జారి జారి చీపురు తగిలే చోటికి చేరింది.

ఏడాదికి రెండుసార్లు గోడ శుభ్రం చేస్తారు. ఆరు నెలలు దాటిన చీటీలు ఒక్కొక్కటే చదివి, ఇది ఎవరిది, ఇంకా కావాలా అని గంటసారు అడుగుతాడు. బ్రేకమ్మ చీటీ వంతు వచ్చేసరికి అందరూ నిలబడి గంటంబావు అయ్యింది. ఆమె మోకాళ్ళు సలుపుతున్నాయి. ప్లగ్గు మార్చాక ఎరుపు మాటే లేదు కదా అనుకుంది. నాదేనండీ, తీసేయండి, ఇబ్బందేమీ లేదు అంది. ఆయన దాన్ని నలిపి బుట్టలో వేశాడు.

ఆ తర్వాత నాలుగు నెలలకు మేష్టారి చేతికి ఒక పని వచ్చింది. వారాల తరబడి బండి తీయకపోతే బ్యాటరీ అయిపోతోందని కొందరి ఫిర్యాదు. బండి ఆపాక నల్లడబ్బా ఇంకాస్త ముందే నిద్రపోయేట్టు ఆయన కోడు మార్చాడు. బ్రేకుల్లో ఒక కిటుకుంది. వేడిగా ఉన్నప్పుడు పట్టిన పట్టు చల్లారాక సడలుతుంది, అందుకని బండి ఆపిన కాసేపటికి మోటారు తానే లేచి ఇంకోసారి బిగించాలి. మేష్టారి మార్పు తర్వాత ఏ నలభైసార్లలోనో ఒకసారి, మోటారు లేవాల్సిన క్షణమూ డబ్బా నిద్రపోయే క్షణమూ ఒకటయ్యేవి. అప్పుడు డబ్బా నిద్రపోయేది, మోటారు లేచేది కాదు.

ఆయనకు లీలగా తోచింది కూడా. "ఇందులో నాకొక అనుమానం ఉంది, బల్ల మూడు రోజులు నడిచాకే పంపుదాం" అని జట్టులో అందరికీ రాసి పంపాడు. మూడు రోజులూ ఆకుపచ్చే వచ్చింది. మధ్యలో ఎన్నిసార్లు ఎర్రగా వెలిగి చెరిగిపోయిందో చూసినవాళ్ళు లేరు. గురువారం గంట మోగింది.

పన్నెండో రోజు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికి తెచ్చే లాండ్రీ వ్యాను, ఈ కంపెనీ తయారుచేసిందే, గుట్ట రోడ్డు దిగివచ్చి ఆస్పత్రి వెనక ఏటవాలు దారిలో ఆగింది. డ్రైవరు మీట నొక్కి సంతకం కోసం లోపలికి వెళ్ళాడు. మూటలు దించే మనిషి వెనక తలుపులు తీసి పని మొదలుపెట్టాడు. పది నిమిషాలపైనే బండి కదల్లేదు. బ్రేకులు చల్లారాక మెల్లగా వెనక్కి జరిగింది. ఆ మనిషి వెనకాల గోడ ఉంది. ముప్ఫై ఆరేళ్ళు. జరిగింది ఆస్పత్రి గోడ పక్కనే అయినా లోపలికి తీసుకెళ్ళాల్సిన పని పడలేదు. అతని భార్య అదే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ పూట మూటల్లో ఉన్న దుప్పట్లలో సగం ఆమె మడత పెట్టినవే.

సాయంత్రానికల్లా కంపెనీ పందొమ్మిది వేల బళ్ళకూ పాత కోడునే తిరిగి పంపించింది. కబురు తెలిసిన పూట బ్రేకమ్మ మొదట చేసిన పని బల్ల తెర మీద తన మూడు లైన్లు వెతకడం. ఉన్నాయి. రాసినవి రాసినట్టే ఉన్నాయి. ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి, వరసగా వచ్చిపోతున్న ఆకుపచ్చలను చాలాసేపు చూసింది.

కంపెనీలో ఎవరినీ నిందించని మీటింగు అని ఒకటుంది. తప్పు జరిగితే ఎవరు చేశారని అడగరు, ఎలా జరిగిందని మాత్రమే అడుగుతారు. ఆ మీటింగులో ఆమె లేచి మూడు లైన్ల సంగతి, చీటీ సంగతి చెప్పింది. ధైర్యంగా చెప్పినందుకు గంటసారు ఆమెకు కృతజ్ఞతలు చెప్పాడు. కాగితం మీద "పద్ధతిలో లోపం" అని రాసుకున్నారు. పేర్లు రాయరు కాబట్టి ఆమె పేరు రాయలేదు. చెప్పేశాను కదా అని ఆమె గుండె కాస్త కుదుటపడింది.

ఆ కాగితం బయటివాళ్ళకు చూపించేది కాదని ఆమెకు తెలియదు. ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే కంపెనీ ఇచ్చినవి రెండే. ఆఖరి మార్పు చేసింది ఫలానా మేష్టారు అని ఒకటి, బల్ల మీద వరసగా ఆకుపచ్చలే వచ్చాయని ఒకటి. మేష్టారు రాసి పంపిన అనుమానం మాట కూడా బయటికొచ్చి ఆయన మెడకే చుట్టుకుంది. అనుమానం ఉండి కూడా పంపించాడు కాబట్టి తెలిసి చేసినట్టే అని. కేసు ఆయన మీద రాయబోతున్నారు. రుజువైతే జైలే.

ప్రమాదం మర్నాడే ఆయన్ను పనికి రావద్దన్నారు, ఆ మీటింగుకూ పిలవలేదు. ఒకరోజు బస్సు దిగే చోట బ్రేకమ్మ కోసం కాచుకుని నిలబడ్డాడు. మనిషి వారంలో సగమయ్యాడు.

"ఒక్కమాట అడుగుతానమ్మా. ఆ మూడు లైన్లు, ప్లగ్గు మార్చినప్పుడే తీసేశారు కదా?"

వందమంది ఉన్న గదిలో చెప్పగలిగిన మాట, ఒక్క మనిషి ముఖం చూసి చెప్పలేకపోయింది.

"తీసేశానండీ" అంది.

ఆయన తలూపాడు. "మరి నాదే" అన్నాడు, తనకు తానే లెక్క అప్పజెప్పుకుంటున్నట్టు. వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె వంటింటి గట్టును ఆనుకుని నిలబడి భర్తకు సంగతంతా చెప్పింది. ఆయన అద్దాల తలుపులు బిగించే పనివాడు, చేతులనిండా పాత గాట్లు. విన్నంతసేపు విని అడిగాడు.

"నిన్నెవరైనా అడిగారా?"

"మేష్టారడిగారు."

"ఆయన్ని వదిలేయ్. ఇన్‌స్పెక్టరు అడిగాడా?"

"లేదు."

"మరి అడగని ప్రశ్నకి జవాబు పట్టుకుని తిరుగుతానంటావేంటి? మీటింగులో చెప్పావు, రాసుకున్నారు. కోడు రాసింది ఆయన. నువ్వు కాదు."

ఆ చివరిమాట అబద్ధం కాదు. అదే ఆమెకు ఊపిరాడనివ్వడం లేదు. ఇంతలో గదిలోంచి అత్తగారు, చెవులు సరిగ్గా వినపడవని అందరూ అనుకునే మనిషి, కోడల్ని లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పోయినతనికి పిల్లలెందరు, మేష్టారికి ఇంట్లో ఎవరున్నారు, ఎర్రదీపం ఎంతసేపు వెలుగుతుంది, చెరిగిపోయిన ఎరుపు ఎక్కడికి పోతుంది అని గుచ్చి గుచ్చి అడిగింది. చివరి ప్రశ్న అంతదాకా ఎవరూ అడగలేదు.

"ఎక్కడికీ పోదత్తయ్యా. ఆనవాలుండదు, అంతే. నేనే అలా రాశాను."

"అంటే ఇప్పుడు నువ్వెళ్ళి చెప్పినా నమ్మడానికేమీ లేదు."

"లేదు."

"వెళ్ళిరా" అంది ముసలావిడ. "నమ్మడం వాళ్ళ పని. నీకు రేపట్నించీ ముద్ద దిగదు, నాకు తెలుసు. ఇంట్లో బతికున్న పీనుగని చూడలేను."

ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఆమె రెండు పూటలు కూర్చుంటే గానీ లోపలికి పిలుపు రాలేదు. అంతా విన్నాక ఆయన అడిగింది అత్తగారు అన్నదే. రుజువేదీ అని. బల్ల దాచిన లెక్కలో ఒక్క ఎరుపూ లేదు. కంపెనీ వకీలు వచ్చి, స్నేహితుడి కోసం బాధపడుతున్న మనిషి మాటలివి, మా బల్ల సవ్యంగా ఉంది అన్నాడు. బ్రేకమ్మ ఒక్కటే అడిగింది. ప్రమాదం రోజునాటి కోడునే మళ్ళీ బల్లకెక్కించండి, నా మూడు లైన్లు తీసేసి నడపండి, ఎరుపు రాకపోతే నేను అబద్ధం చెప్పినట్టు రాసుకోండి అని. ఇన్‌స్పెక్టరు ఆలోచించి రెండు రోజులిచ్చాడు. పోయినతని తరఫువాళ్ళకు చూసే హక్కుంది కాబట్టి అతని భార్యకూ కబురు పంపాడు.

పరీక్షల గదిలో నాలుగు కుర్చీలు వేశారు. ఇన్‌స్పెక్టరు, వకీలు, గంటసారు, పోయినతని భార్య ఇస్త్రీ ఆమె. అందరి ఎదుటా బ్రేకమ్మ ఆ మూడు లైన్లు చెరిపేసింది. అందుకు పట్టింది నాలుగు సెకన్లు.

మొదటి రోజు నలభై ఒక్క పరీక్షలు. ప్రతిసారీ మోటారు చిన్నగా మూలిగేది, చక్రం గుంజుకునేది, దీపం వెలిగేది. ఆకుపచ్చ. ఇన్‌స్పెక్టరు ఒక గీత గీసుకునేవాడు. మధ్యాహ్నం తిరిగాక వకీలు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. గంటసారు బ్రేకమ్మను జబ్బుమనిషిని చూసినట్టు జాలిగా చూశాడు. ఇస్త్రీ ఆమె మాత్రం కళ్ళార్పకుండా బల్లనే చూస్తోంది. సాయంత్రం అవుతుండగా మొదటిసారి నోరు విప్పింది.

"అక్కా, ఆకుపచ్చ వచ్చిందంటే ఏంటి అర్థం?"

"బండి ఆగి ఉందనమ్మా."

"ఆగలేదుగా."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, రేపు చూద్దాం అన్నాడు.

రెండో రోజూ అదే వరస. పది, పదిహేను, ఇరవై. ప్రతి ఆకుపచ్చకూ మేష్టారు జైలుకు ఒక అడుగు దగ్గరవుతున్నట్టే ఉంది బ్రేకమ్మకు. ఎరుపు రావాలని కోరుకుంటోంది, తన మెడకు తాడు తానే రమ్మంటోందనీ తెలుస్తూనే ఉంది. ఇరవైమూడోసారి, అందరూ భోజనానికి లేవబోతుండగా, మోటారు మూలగలేదు. చక్రం మెల్లగా, తీరిగ్గా, సగం చుట్టు తిరిగింది. ఎర్రదీపం వెలిగింది.

ముందు తేరుకున్నది ఇన్‌స్పెక్టరే. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, జాగ్రత్తపరుడు కాబట్టే అన్నాడు.

"ఏదో తీగ వదులై వచ్చిందేమో. ఇంకొక్కసారి నడపండమ్మా, చూద్దాం."

బ్రేకమ్మ మీటకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

"వద్దు సార్. ఇప్పుడు నడిపితే ఆకుపచ్చ వస్తుంది. నేను చేసింది అదే. ముందు ఇది రాసుకోండి, తర్వాత తీగలన్నీ మీరే పట్టుకుని చూడండి."

ఆయన ఆమె వంక చూశాడు, దీపం వంక చూశాడు, రాసుకున్నాడు. తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఏదీ వదులుగా లేదు.

ఇస్త్రీ ఆమె లేచివచ్చి మోటారు ముందు నిలబడింది.

"ఇంతేనా ఇది?"

"ఇంతేనమ్మా."

"ఇది మీకు ముందే చెప్పిందా?"

"చెప్పింది. దాదాపు రోజుకోసారి చెప్పింది. నాకు కనపడకుండా చేసుకున్నాను."

ఇస్త్రీ ఆమె చేతిసంచి తీసుకుని, దారి తెలియక ఒకసారి గోడవైపు నడిచి, మళ్ళీ తిరిగి తలుపులోంచి బయటికి వెళ్ళింది.

మేష్టారి మీద రాయబోయిన కేసు రాయలేదు. ఆయన అడగవలసింది అడిగాడు, ఆగవలసినంత ఆగాడు, బల్ల ఆయనకు అబద్ధం చెప్పింది అని తేల్చారు. కేసు కాగితంలో ఆయన పేరు ఉండాల్సిన చోట బ్రేకమ్మ అసలు పేరు రాశారు. వాంగ్మూలంలో "ఎరుపు వచ్చినా పట్టించుకోలేదు" అని గుమాస్తా రాస్తే, ఆమె ఒప్పుకోలేదు. కనపడితే పట్టించుకునేదాన్ని, కనపడకుండా చేశాను అని రాయండి అని దిద్దించి సంతకం పెట్టింది. భర్త ఆ వాక్యం చదివి తల కొట్టుకున్నాడు. తర్వాత ఎన్ని రోజులో ఆమెతో మాట్లాడలేదు గానీ, ప్రతి వాయిదాకూ పని మానుకుని బస్టాండు దాకా వచ్చి దిగబెట్టేవాడు.

కంపెనీ ఆమెను తీసేసింది. ఆమె లైన్లు అరువు తీసుకున్న మిగతా పదకొండు బల్లల్లోనూ వెతికితే, చెరిగిపోతున్న ఎరుపులు ఇంకో రెండు చోట్ల దొరికాయి. ఒకటి, బండి గుద్దుకున్నప్పుడు ఉబ్బి మనిషిని కాపాడే గాలిసంచులది. నెల రోజులు ఏ గురువారమూ ఏదీ పంపలేదు. ఆ తర్వాత మళ్ళీ పంపడం మొదలుపెట్టారు.

మేష్టారు తిరిగి ఆ పనిలోకి వెళ్ళలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికి వచ్చాడు. అత్తగారు ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. బస్సు దిగే చోట ఆమె ఆడిన అబద్ధం మాట ఇద్దరూ ఎత్తలేదు. చాలాసేపు కూర్చుని, వెళ్ళేముందు, మోటారు లేచిందో లేదో చూసుకున్నాకే నిద్రపొమ్మని డబ్బాకు చెప్పడానికి ఒక్క లైను సరిపోయేదని, అది తనకు ఇప్పుడు తోస్తోందని చెప్పాడు. మళ్ళీ రాలేదు.

వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. కోర్టు వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ. ఇస్త్రీ ఆమె కూడా ప్రతి వాయిదాకూ వస్తుంది, రాకపోయినా ఫరవాలేదని ఎవరు చెప్పినా వినదు. ఇద్దరూ మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంటారు. తిట్టదు, ఏడవదు. వచ్చినప్పుడల్లా ఒక్క ప్రశ్న అడుగుతుంది. డబ్బా నిద్రపోవడమంటే ఏంటని ఒకసారి, గాల్లోంచి కోడు ఎలా వస్తుందని ఒకసారి. బ్రేకమ్మకు తెలిసినంత చెబుతుంది, తెలియనిది తెలియదంటుంది. ఆమె విని, ఇంట్లో పిల్లలకు చెప్పాలన్నట్టు పెదవులతో ఒకసారి అనుకుని ఊరుకుంటుంది.

మొన్నటి వాయిదాలో అడిగింది.

"అసలా మార్పు ఎందుకు చేశారక్కా?"

"కొందరి బళ్ళలో బ్యాటరీ అయిపోతోందని. వారాల తరబడి బండి తీయనివాళ్ళకి."

"ఇప్పుడు వాళ్ళ బళ్ళు బాగున్నాయా?"

"లేదమ్మా. పాత కోడే తిరిగి పంపారుగా. మునుపట్లాగే అయిపోతున్నాయట."

ఇస్త్రీ ఆమె తలూపింది. లోపలి నుంచి బంట్రోతు బ్రేకమ్మ అసలు పేరు పెట్టి పిలిచాడు. పిలుపు తనకేనని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. బెంచీ అంచు పట్టుకుని లేవబోతే మోకాలు పట్టేసింది. పక్కన ఉన్న మనిషి చెయ్యి అందిద్దామని సగం చాపి, ఆపుకుని, ఒళ్ళో పెట్టుకుంది. బ్రేకమ్మ గోడ పట్టుకుని తానే లేచి లోపలికి వెళ్ళింది.